ఎర్రమంచి బండి, గ్రీకు పేరు

ఆదివారం పూట బి.కొత్తకోట దాటి హార్స్‌లీ కొండ రోడ్డు పట్టుకున్నామంటే ముందూ వెనకా బెంగళూరు బండ్లే. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఎత్తైన ముక్కు, నిటారు భుజాలు, పెద్ద చక్రాలు. పోయిన వేసవిలో కొండ మీద టీ బంకు దగ్గర ఒక పెద్దాయన అలాంటి బండినే తేరిపార చూస్తూ మనవణ్ణి అడిగాడు.

"ఏం అబ్బోడా, ఈ బండి పేరేంది?"

"సెల్టోస్, తాతా."

"అంటే?"

పిల్లవాడికి తెలియలేదు. తెలిసిందేదో చెప్పాలని, "దీన్ని పెనుకొండ కాడ చేస్తారంట తాతా" అన్నాడు.

"పెనుకొండ కాడ చేసినదానికి ఆ పేరేందిరా!"

బండి అలా ఎందుకుంది, పేరు అలా ఎందుకుంది అన్నవి విడివిడి ప్రశ్నల్లా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకే పనివాళ్ల చేతిలో, ఒకే రకమైన లెక్కలతో తయారయ్యాయి. ఆ తాతకు అక్కడికక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ చెబుతాను.

పేర్ల సంగతికొస్తే, ఆ సంభాషణ జరిగిన కొండకే రెండు పేర్లున్నాయి. ఊళ్లవాళ్లకు అది ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు.డి. హార్స్‌లీ చల్లదనం కోసం పైన ఇల్లు కట్టుకున్నాక మ్యాపుల్లోకి ఆయన పేరెక్కింది. మల్లమ్మ కథల్లో మిగిలింది, హార్స్‌లీ బోర్డుల మీద మిగిలాడు. మన వైపు పేర్లు చాలావరకు ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పేవే. పెద్ద కొండ కాబట్టి పెనుకొండ. శివాలయాల్లో పూజ చేసే తంబళ్ల మాట తంబళ్లపల్లె పేరులో వినిపిస్తుంది. కార్ల పేర్లు ఇలా పుట్టవు. ఎలా పుడతాయో చెప్పే ముందు, ఆ బండి ఏ జాతిదో చూడాలి.

మదనపల్లె టమోటా మార్కెట్టు బయట తెల్లవారుజామున నిలబడి చూడండి. క్రేట్లు నింపుకొని వచ్చే పికప్ బండ్ల అడుగున రెండు పొడుగాటి ఉక్కు దూలాలు, వాటిని కలుపుతూ అడ్డకమ్మీలు కనిపిస్తాయి. అచ్చం నిచ్చెనను పడుకోబెట్టినట్టుంటుంది. ఇంజను, చక్రాలు, లోడు మోసే తొట్టి, అన్నీ ఈ నిచ్చెనకే బిగించి ఉంటాయి. పైనున్న క్యాబిన్ను ఊడదీసినా బండి నడుస్తుంది. లారీలన్నీ ఇంతే. మొదటి తరం జీపులు, పెద్ద ఎస్‌యూవీలు కూడా ఇంతే. బరువు మోయడానికి, గుంతల్లో మెలి తిరిగినా విరగకుండా ఉండడానికి దీనికి సాటి లేదు. కానీ నిచ్చెన బరువు, దాని మీద గది బరువు కలిసి బండి భారమవుతుంది, కూర్చునే చోటు ఎత్తవుతుంది, లోపలివాళ్లకు ప్రతి కుదుపూ తెలుస్తుంది.

మామూలు కారుకు నిచ్చెన ఉండదు. ఎండిన సొరకాయ బుర్రను చేత్తో నొక్కి చూడండి. లోపల ఏ కర్రా, కమ్మీ లేదు, అయినా నలగదు. ఒక చోట పడిన ఒత్తిడిని పెంకు మొత్తం పంచుకుంటుంది. రేకుల్ని మడిచి, చుక్కలు చుక్కలుగా వెల్డింగు చేసి ఇలాంటి పెంకు కడితే దాన్ని మోనోకాక్ అంటారు. తేలిగ్గా ఉంటుంది, మెత్తగా పోతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది.

కారు పెంకుకు జీపు ఆకారం తొడిగితే వచ్చిందే క్రాసోవర్. 1979లో అమెరికాలో ఏఎంసీ ఈగిల్ ఈ దారి చూపింది. 1994లో టయోటా రావ్4 జనంలోకి తెచ్చింది. టయోటా వాళ్లే తమ క్యామ్రీ కారు పునాది మీద మెత్తటి సీట్లు, నిశ్శబ్దమైన ఇంజను పెట్టి 1997 చివర్లో జపాన్‌లో హారియర్ అనే బండి తెచ్చారు. మరుసటి ఏడు అమెరికాలో దాన్నే లెక్సస్ ఆర్‌ఎక్స్ 300 పేరుతో అమ్మారు. లగ్జరీ క్రాసోవర్ అన్న జాతికి అదే మొదటి పెద్ద విజయం. హారియర్ అంటే గద్ద జాతి పక్షి. అదే పేరుతో 2019 జనవరిలో మన దేశంలో టాటా వాళ్ల బండి వచ్చింది. ట్రేడ్‌మార్కు హక్కు దేశానికి దేశం వేరు కాబట్టి ఒకే పిట్ట రెండు గూళ్లలో వాలగలిగింది.

ఎత్తైన బండికి ఒక ప్రమాదం పుట్టుకతోనే వస్తుంది. గడ్డి ఎత్తుగా వేసిన ఎడ్లబండి మలుపులో ఎందుకు తిరగబడుతుందో మన పల్లెల్లో చెప్పనక్కరలేదు. బరువు కేంద్రం ఎంత పైనుంటే అంత తొందరగా అది చక్రం అంచు దాటిపోతుంది. క్రాసోవర్ చేసే ఇంజినీరు చూపుకు ఎత్తుగా ఉంచుతూనే ఇంజనును, ట్యాంకును, సీట్లను వీలైనంత కిందికి దించుతాడు, చక్రాల మధ్య వెడల్పు పెంచుతాడు. సెల్టోస్ కింద నేలకు 190 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. ఊరి స్పీడు బ్రేకరు దాటడానికి అది చాలు. అడవిలో బండలెక్కడానికి చాలదు, దాన్ని అందుకోసం చేయలేదు కూడా.

ఇక ఈ సెల్టోస్ తయారయ్యే ఎర్రమంచి. తంబళ్లపల్లె నుంచి పెనుకొండ వంద కిలోమీటర్లకు పైనే ఉంటుంది. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్న ఊరది. కోట, బురుజులు ఇంకా ఉన్నాయి. ఆ కొండకు దగ్గర్లో, హైదరాబాద్-బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, ఎర్రమంచి గ్రామం దగ్గర 536 ఎకరాల్లో ఫ్యాక్టరీ పెట్టడానికి దక్షిణ కొరియా కంపెనీ కియా 2017 ఏప్రిల్ 27న రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు. ఏటా 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ. 2019 జనవరి 29న ప్రయోగాత్మకంగా మొదటి బండి బయటికొచ్చింది. వేరుశనగ పండితే పండినట్టు, లేకుంటే లేనట్టుండే నేల మీద రెండేళ్లలోపు ఇది జరిగింది. రాయలసీమలో పుట్టినవాడిగా ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

ఆ నేలకు లేనిది నీళ్లు. కార్ల ఫ్యాక్టరీకి ఇంజన్లు, రేకులు, రోబోలు కావాలని అందరికీ తెలుసు. నీళ్లెందుకో చాలామందికి తెలియదు. వెల్డింగు అయిన బండి పెంకును ముందు కడిగి జిడ్డు తీస్తారు, ఫాస్ఫేటు పూత పూస్తారు, మళ్లీ కడుగుతారు. తర్వాత రంగు కణాలు కలిపిన పెద్ద నీటి తొట్టిలో బండి మొత్తాన్ని ముంచుతారు. బండికి రుణ విద్యుత్తు, రంగు కణాలకు ధన విద్యుత్తు ఉంటాయి. అయస్కాంతానికి ఇనుపరజను అంటుకున్నట్టు రంగు వచ్చి అతుక్కుంటుంది. బ్రష్షు దూరని సందుల్లో, తలుపు లోపలి మడతల్లో కూడా సమానంగా పరుచుకుంటుంది. మనం చూసే ఎరుపు, తెలుపు రంగులు దీని మీద వేసే అలంకారం. బండిని తుప్పు నుంచి కాపాడేది కంటికి కనిపించని ఈ తొలి పూతే. ఆ నీళ్ల కోసం గొల్లపల్లి రిజర్వాయరును నింపారు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను మెట్టుమెట్టుగా ఎత్తిపోసే హంద్రీ-నీవా కాలువ అందులో పడుతుంది. అదే పథకం కాలువలు మదనపల్లె, పుంగనూరు వైపు సాగి కుప్పం దాకా వెళ్తాయి. 2025 ఆగస్టు చివర్లో కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. పెనుకొండలో కారుకు రంగు పట్టించిన నది, కుప్పంలో చెరువుకు చేరిన నది ఒకటే.

ఫ్యాక్టరీ గోడలు లేస్తుండగానే బండి రూపం జనం ముందుకొచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఎస్‌పీ కాన్సెప్ట్ పేరుతో ఒక నమూనా పెట్టారు. ముందు భాగంలో పులి ముక్కు లాంటి జాలీ కియా బండ్లన్నిటికీ ఉంటుంది. జర్మన్ డిజైనరు పీటర్ ష్రయర్ కియాలో చేరాక, 2007లో మొదటిసారి గీసి చూపించిన ముఖం అది. కాన్సెప్టు బండి కల లాంటిది. ఫ్యాక్టరీ దాకా వచ్చేసరికి కలలో కోత పడుతుంది. చక్రాలు చిన్నవవుతాయి, అద్దాలు పెద్దవవుతాయి. మన దేశానికి చేసిన మొదటి సెల్టోస్ పొడవు 4315 మిల్లీమీటర్లు, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2610. కొరియాలో అమ్మింది ఈ రెండు కొలతల్లోనూ కాస్త పెద్దది. పేరు ఒకటే, అన్నదమ్ముల్లా పోలిక ఉంటుంది, కొలతలు వేరు.

ఇంజన్లు మూడిచ్చారు. అవి ఏం చేస్తాయో చెప్పడానికి మళ్లీ హార్స్‌లీ కొండకే రావాలి. మదనపల్లె నుంచి కొండ పైకి సుమారు 550 మీటర్లు ఎక్కుతాం. మనుషులు, సామానుతో కలిపి బండి 1500 కిలోలు ఉందనుకుందాం. ఆ బరువును ఆ ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి 80 లక్షల జౌళ్లు. లీటరు డీజిలులో దాదాపు 3 కోట్ల 60 లక్షల జౌళ్లుంటాయి, కానీ ఇంజను అందులో మూడో వంతునే చక్రాలకు అందిస్తుంది. మిగతాది వేడిగా, పొగగా పోతుంది. అంటే గాలిని చీల్చడం, రోడ్డు రాపిడి అన్నీ పక్కన పెట్టినా, ఊరికే పైకి లేవడానికే లీటరులో మూడింట రెండు వంతులు ఖర్చు. ఆ లెక్కను ఏ కంపెనీ తప్పించుకోలేదు. దిగేటప్పుడు ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. అందుకే ఘాట్ దిగేటప్పుడు గేరులో దిగమని పెద్దలు చెబుతారు.

డీజిలు సెల్టోస్ టార్క్ 250 న్యూటన్ మీటర్లని కరపత్రంలో రాస్తారు. మెకానిక్ షెడ్డులో పానా పట్టినవాళ్లకు ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. మీటరు పొడవున్న పానా చివర 25 కిలోల మూట వేలాడదీస్తే నట్టు మీద ఎంత తిప్పుడు బలం పడుతుందో అంత. గేర్లు దాన్ని ఎన్నో రెట్లు పెంచి చక్రానికి ఇస్తాయి.

కొండ మీద ఇంకో చిక్కుంది. సముద్ర మట్టంతో పోలిస్తే హార్స్‌లీ శిఖరం దగ్గర గాలి సుమారు 12 శాతం పలుచన. ఊపిరి పీల్చుకున్నట్టు గాలిని తనంతట తాను పీల్చుకునే ఇంజనుకు ఆ మేరకు బలం తగ్గుతుంది. టర్బో ఉన్న ఇంజనులో బయటికి పోయే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం ఇరుసుకే బిగించిన ఇంకో చక్రం లోపలికి గాలిని కుక్కుతుంది. కొలిమిలో తిత్తి చేసే పని ఇది, కాకపోతే ఇక్కడ తిత్తిని ఊదేది మంట నుంచి వచ్చిన పొగే. 2019 నాటి సెల్టోస్‌లో డీజిలుకూ, 1.4 లీటర్ల పెట్రోలుకూ టర్బో ఉండేది. 1.5 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజనుకు ఉండేది కాదు. కొండ ఊళ్లలో ఉండేవాళ్లు కొనే ముందు గుర్తుపెట్టుకోవలసిన తేడా ఇది.

సెల్టోస్‌ను మెర్సిడెస్ పక్కన నిలబెట్టి లగ్జరీ అనలేం. అయితే లగ్జరీ బండ్లలో మాత్రమే కనిపించే వస్తువుల్ని ఇది కిందికి దించింది. గాలి ఊదే సీట్లు, బోస్ స్పీకర్లు, డ్రైవరు కళ్లెదుట వేగం చూపించే చిన్న అద్దం, లోపలే సిమ్ పెట్టుకొని ఫోనుతో మాట్లాడే బండి. ఎర్రమంచిలో వీటిని బిగించింది ఎక్కువగా మన ఐటీఐ, డిప్లొమా పిల్లలే.

ఇప్పుడు నామకరణం. పుట్టకముందు ఇంట్లో ముద్దుపేరు ఉన్నట్టు, ఈ బండికి లోపలి పేరు ఎస్‌పీ2ఐ. పత్రికల్లో టస్కర్, ట్రేజర్ అంటూ ఊహాగానాలు నడిచాయి. 2019 జూన్ 20న బండిని ప్రపంచానికి చూపించారు, పేరు సెల్టోస్. ఆగస్టు 22న 9 లక్షల 69 వేల ప్రారంభ ధరతో మార్కెట్లోకి వచ్చింది.

కంపెనీ చెప్పిన ప్రకారం ఈ పేరు గ్రీకు పురాణంలోని కెల్టోస్ నుంచి వచ్చింది. గ్రీకు వీరుడు హెరాక్లిస్ కొడుకు అతను. కథ వింటే మన పశువుల కాపరులు కూడా చెవి ఒగ్గుతారు. గెరియోన్ అనే రాక్షసుడి పశువుల మందను తోలుకొని వస్తూ హెరాక్లిస్ దారిలో ఒక రాజ్యంలో ఆగుతాడు. అతన్ని వలచిన రాజకుమారి కెల్టినే ఆ మందను దాచేస్తుంది. తనను చేపడితే తప్ప ఇవ్వనంటుంది. పశువుల కోసం కొంత, ఆమె అందానికి కొంత లొంగి అతను ఒప్పుకుంటాడు. వాళ్లకు పుట్టినవాడే కెల్టోస్, కెల్ట్ జాతికి మూలపురుషుడు. అంటే ఈ కారు పేరు వెనక ఉన్నది దాచేసిన ఆవుల మంద. పుంగనూరు ఆవులకు పేరు పెట్టడానికి ఎవరూ పురాణాలు తిరగేయలేదు. ఎత్తు మీటరు కూడా లేని ఆ పొట్టి జాతి ఏ ఊళ్లో ఉందో ఆ ఊరి పేరే దానిది.

ఆ పేరులో మొదటి అక్షరాన్ని మాత్రం మార్చారు. కెల్టోస్‌ను ఇంగ్లిష్‌లో 'సీ' అక్షరంతో రాస్తే కొందరు క అంటారు, కొందరు స అంటారు. 'ఎస్' పెడితే తగవు తీరిపోయింది. పైగా సోరెంటో, స్పోర్టేజ్, సోల్ అంటూ కియా ఇంట్లో స అక్షరం అప్పటికే పాతుకుపోయింది. తర్వాత ఎర్రమంచిలోనే పుట్టిన సోనెట్, సైరోస్ కూడా అదే బాట. సైరోస్ ఏజియన్ సముద్రంలో ఒక గ్రీకు దీవి. ఒకే గ్రూపులోని అన్నగారు హ్యుందాయ్ వాళ్ల క్రెటా కూడా క్రీట్ దీవిని తలపించే పేరే.

ఇన్ని దేశాలు తిరిగి పేరెందుకు తేవాలి? బండి ఒక దేశంలో ఆగదు కాబట్టి. ఎర్రమంచి నుంచి మధ్యప్రాచ్యానికి, ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు సెల్టోస్‌లు వెళ్తాయి. పేరు అరబ్బు నోట, స్పానిష్ నోట, తెలుగు నోట ఇబ్బంది లేకుండా పలకాలి. ఏ భాషలోనూ బూతు కాకూడదు. మిత్సుబిషి పజేరో స్పానిష్‌లో పచ్చి బూతు కావడంతో ఆ దేశాల్లో దాన్ని మోంటెరో అన్నారు. ఏ రోగంతోనూ కలవకూడదు. టాటా వాళ్లు జికా అని పేరు పెట్టిన కారుకు, అదే సమయంలో జికా వైరస్ ప్రబలడంతో 2016లో టియాగో అని మార్చవలసి వచ్చింది. అమ్మే ఏ దేశంలోనూ ఇంకొకరు ముందే నమోదు చేసుకుని ఉండకూడదు. ఈ జల్లెడలన్నిటిలోంచి జారి మిగిలే శబ్దాలు తక్కువ, అర్థమున్నవి ఇంకా తక్కువ. అందుకే పేరు కూడా బోల్టు లాంటి విడిభాగమేనంటాను. బలం, బరువు, ఖర్చు లెక్కగట్టి బోల్టును ఎంచినట్టే పేరునూ ఎంచుతారు. కొరియా కంపెనీ పేరు మాత్రం అర్థమున్నదే. కియా అంటే ఆసియా నుంచి లేచినది అని చైనా అక్షరాల్లో ఉంది.

తాత అడిగిన ప్రశ్నలో ఒక బాధ ఉంది, అది నాకు అర్థమవుతుంది. మన నేల మీద, మన నీళ్లతో, మన పిల్లలు చేసిన బండి మన మాట ఒక్కటీ మోయదు. పెనుకొండ అన్న పేరు పలకడం స్పానిష్‌వాళ్లకు సెల్టోస్ కంటే కష్టమేమీ కాదు. ఎర్రమంచిలో రూపు దిద్దుకునే ఏదో ఒక బండికి సీమ పేరు పెట్టమని అడిగే హక్కు మనకుంది.

అయితే పేరు కంటే ముందు చూడవలసింది పెంకును. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ రెండు ఎయిర్‌బ్యాగుల సెల్టోస్‌ను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకట్టకు గుద్దించింది. ఆ వేగంతో గుద్దుకోవడమంటే ఐదంతస్తుల మేడ మీద నుంచి కింద పడ్డంత. అప్పుడు ముందు భాగం నలిగి ఆ దెబ్బను మింగాలి, మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకూడదు. మొదటి సెల్టోస్‌కు పెద్దల రక్షణలో 5కు 3 నక్షత్రాలు, పిల్లల రక్షణలో 2 మాత్రమే వచ్చాయి. పెంకు నిలకడగా లేదని నివేదిక తేల్చింది. గాలి ఊదే సీట్లున్న బండికి ఇది సిగ్గుపడవలసిన ఫలితమే. అంతటితో ఆగకపోవడం మంచిదైంది. 2022లో అన్ని రకాల సెల్టోస్‌లకూ 6 ఎయిర్‌బ్యాగులు పెట్టారు. 2023 అక్టోబరు 1 నుంచి మన దేశానికి సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ పరీక్ష వచ్చింది. 2025లో ఆ పరీక్షకు వెళ్లిన సైరోస్, అదే ఎర్రమంచి ఫ్యాక్టరీ బండి, 5 నక్షత్రాలు తెచ్చుకుంది.

మీరు షోరూముకు వెళ్లినప్పుడు పేరుకు అర్థమేమిటని అడగండి, తప్పు లేదు. దానికి ముందు ఎన్ని నక్షత్రాలని అడగండి. పెద్దలకెన్ని, పిల్లలకెన్ని అని విడివిడిగా అడగండి.